నాన్న "ఇదే" అనేదాకా

2008 ఫిబ్రవరి పదకొండు, సోమవారం. ఆ పొద్దున భీమన్న ఇంట్లో చోడి అంబలి, నిప్పుల మీద కాల్చిన ఉప్పుచేప. అక్క చిన్నమ్మలు తన చేపముక్కలో సగం విరిచి, అడక్కుండానే అతని గిన్నె అంచున పెట్టింది. అప్పుడే అతని కూతురు వెన్నెలకు బెంగళూరు నుంచి ఫోనొచ్చింది.

మాట్లాడి వచ్చి ఆమె మళ్లీ పీట మీద కూర్చుంది. మార్చి ఒకటిన ఉద్యోగంలో చేరమన్నారట. ఆలోగా పెడల్ పని పూర్తిచేసి పంపాలట. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారట.

"ఆ పెట్టె పని ఇంకా అవ్వలేదేటే గుంటా?" అంది చిన్నమ్మలు.

"నాది అయిపోయింది అత్తా. నాన్నది అవ్వలేదు."

భీమన్న గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు.

అరకు దగ్గర ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి అతను. ఇరవై ఏళ్లు ఊరి చర్చిలో గిటారు వాయించాడు. పెడల్ అనేది విశాఖలో పాత సామాన్ల దుకాణంలో కొన్న చిన్న ఇనప పెట్టె. గిటారుకూ యాంప్లిఫయరుకూ మధ్య, కాలి దగ్గర ఉంటుంది. కాలితో నొక్కితే గిటారు గొంతుకు జీర వస్తుంది. నాబ్‌లు కాస్త అటూ ఇటూ తిప్పితే ప్రార్థన పాటకు మెత్తగా, క్రిస్మస్ పాటకు మంట ఎగిసినట్టుగా, ఒక్క పెట్టే ఎన్నో రకాలుగా పలికేది. భార్య కనక పోయాక అతను గిటారు గోడకు తగిలించేశాడు. ఎలక్ట్రానిక్స్ చదివిన వెన్నెల, తల్లి కోసం వచ్చి, తండ్రి కోసం ఉండిపోయింది.

గిటారు శబ్దాలను కంప్యూటర్లో తయారుచేసే బెంగళూరు కంపెనీ ఒకటి, వెన్నెల వినిపించిన ఆ పెట్టె శబ్దానికి ముచ్చటపడింది. పెట్టె లోపలి భాగాలను ఒక్కొక్కటే కొలిచి, అది చేసే పనంతా కంప్యూటరు చేసేలా ప్రోగ్రాం రాయాలి. పెట్టె విప్పనివ్వడానికి భీమన్న ఒకే షరతు పెట్టాడు.

"మీ అమ్మ విన్న శబ్దం అది. ఇదే అని నేను అనేదాకా ఎవరికీ పంపకు."

వెన్నెల సరేనంది. అప్పుడది చిన్న మాటే అనిపించింది.

చలికాలమంతా అలాగే గడిచింది. ఆమె కంప్యూటర్లోంచి వినిపించేది. అతను కళ్లు మూసుకుని విని, "ఇది కాదమ్మా," అనేవాడు. ఆమె మళ్లీ కొలిచేది, మళ్లీ రాసేది. పెట్టె శబ్దమూ కంప్యూటరు శబ్దమూ గీతలుగా తెరమీద ఒకదానిమీద ఒకటి పడుతున్నా, అతను మాత్రం తల అడ్డంగా ఊపేవాడు. రోజూ మధ్యాహ్నం విశాఖ బస్సు మలుపు దగ్గర హారన్ కొట్టేది. అది వినపడినంతసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. కాదంటే కూతురు ఇంట్లోనే ఉండిపోతుంది. ఔనంటే కనక పేరుమీద అబద్ధం ఆడినట్టు. భీమన్న ఆ రెంటి మధ్యా ఇరుక్కున్నాడు.

ఫోనొచ్చిన ఆ సోమవారమే, మధ్యాహ్నం భోజనాలయ్యాక, వెన్నెల తండ్రిని గోడవైపు తిరిగి కూర్చోమంది. ఒక పాట ముక్క వినిపించింది. కాదన్నాడు. అదే ముక్క ఇంకోసారి వినిపించింది.

"ఇదీ కాదు."

వెన్నెల నెమ్మదిగా చెప్పింది.

"రెండోది కంప్యూటరు కాదు నాన్నా. నీ పెట్టే. కొత్త బ్యాటరీలు వేసి, అందులోంచే వాయించాను."

భీమన్న వెనక్కి తిరిగాడు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీకు కావలసింది శబ్దం కాదు. నేను ఇక్కడ ఉండటం. పోనీ ఆ మాటే అను, ఉండిపోతాను. వారం వారం నా పని తప్పని చెప్పి మాత్రం ఉంచకు."

చిన్నమ్మలు గుమ్మంలోకి వచ్చింది. తండ్రితో అలాగ మాటాడతారేటే అని మేనకోడల్ని కసిరి, తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వైనా నోరు ఇప్పరా. ఆ గుంట ఏటి తప్పు సేసిందని?"

"నిజంగానే అది కాదక్కా," అన్నాడతను. ఆ మాట అతనికే నమ్మకంగా వినపడలేదు. కాదంటున్నది తన చెవో, తన భయమో తేల్చుకోలేకపోయాడు. ఆ రాత్రి వెన్నెల తనకు అన్నం వద్దంది. చిన్నమ్మలు కంచంలో వడ్డించి, మూతపెట్టి, ఆమె గది గుమ్మం దగ్గర ఉంచింది. కాసేపటికి కంచం ఖాళీగా బయటికి వచ్చింది. అదొక్కటే భీమన్నకు కాస్త ఊరట.

మర్నాడు మంచు విడిచాక చిన్నమ్మలు పశువులశాల రేకు మీద చోళ్లు ఆరబోసింది. వాటి పక్కనే, పాతవీ కలిపి, ఆరు టార్చిలైటు బ్యాటరీలు వరసగా నిలబెట్టింది. అవెందుకని అడిగాడు భీమన్న.

"టార్చి మినుకుమినుకుమంటంది. ఎండ తగిల్తే ఇంకో నాలుగు రోజులొత్తాయి. కనక సేసీది కాదేటి? కొత్తవి టార్చిలో ఎయ్యాల, సీకట్లో దారి కనపడాల కదా. టార్చిలో నీరసించినవి ఎండబెట్టి నీ పెట్టెకి కట్టీది. పెతి శనివారం దానికి ఇదే పని."

భీమన్న రేకు అంచు పట్టుకుని నిలబడిపోయాడు. ఆ పెట్టెకు అతను ఒక్కనాడూ బ్యాటరీ మార్చలేదు. కనక ఆరు బ్యాటరీలను వెదురు గొట్టంలో బిగించి, తీగలు కట్టి, ఆదివారానికి సిద్ధంగా ఉంచేది. అవి కొత్తవే అనుకున్నాడు. ఇన్నేళ్లూ ఆమె ఎండబెట్టి ఇచ్చిన కొద్దిపాటి సత్తువ మీదే అతని గిటారు పాడింది.

చిన్నమ్మలుకు తానేం చెప్పిందో తెలియదు. వెన్నెల వినలేదు. మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోతే, మార్చిలో కూడా కూతురు ఈ ఇంట్లోనే ఉంటుంది. అతను అలాగే నిలబడి ఉండగా మలుపు దగ్గర బస్సు హారన్ కొట్టింది. వెన్నెల గది కిటికీ చప్పున మూసుకుంది.

భీమన్న బ్యాటరీలను తువ్వాల్లోకి ఏరుకున్నాడు. వెచ్చగా ఉన్నాయి. తీసుకెళ్లి ఆమె బల్ల మీద పెట్టాడు.

"మీ అమ్మ ఈ పెట్టెకి కొత్త బ్యాటరీలు ఎప్పుడూ వెయ్యలేదంట."

వెన్నెల వాటిని చూసింది, తండ్రిని చూసింది. మీటరు తీసి కొలిచింది. ఆరూ కలిసి తొమ్మిది వోల్టులు ఇవ్వాలి. ఆరున్నర కూడా లేదు. గబగబా తీగలు కలిపి గిటారు మీటింది. స్వరం ముందు కాస్త అణిగి, ఊపిరి తీసుకున్నట్టు ఆగి, మెల్లగా నిండుకుంటూ వచ్చింది.

భీమన్న చెయ్యి చాచాడు. ఆమె గిటారు అందించింది. వేళ్లు బిరుసెక్కాయి. పాట ఎత్తుగడే రెండుసార్లు తప్పింది. మూడోసారి వచ్చింది.

"నిన్న నేను అలా అనకుండా ఉండాల్సింది నాన్నా," అంది వెన్నెల.

"నువ్వన్నదీ నిజమేనమ్మా. కాదన్నప్పుడల్లా, ఇంకో వారం ఉంటావని లోపల హాయిగా ఉండేది నాకు."

ఆమె అతని భుజానికి తల ఆన్చి ఏడ్చింది. అతను గిటారు పక్కన పెట్టలేదు. ఒక చేత్తో దాన్ని, ఒక చేత్తో ఆమెను పట్టుకుని కూర్చున్నాడు.

ఆ వారమంతా వెన్నెల అలసిన బ్యాటరీలను కొలుస్తూ గడిపింది. తన ప్రోగ్రాంలో ఇంకో నాబ్ చేర్చింది. అది తిప్పితే బ్యాటరీల సత్తువ తగ్గుతుంది. శనివారం సాయంత్రం కంప్యూటర్లోంచి వినిపించింది. భీమన్న కళ్లు మూసుకున్నాడు. అతను నోరు తెరవకముందే వంటింట్లోంచి చిన్నమ్మలు గొంతు వినపడింది.

"ఇయ్యాల ఆదివారమేటే గుంటా? ప్రార్థనకి వేళైపోనాదా?"

వెన్నెల తండ్రి ముఖంలోకి చూసింది.

"ఇదే," అన్నాడు భీమన్న. "బేగి పంపించమ్మా."

నెలాఖరున, ప్రయాణం ముందు రోజు, వెన్నెల బట్టలు సర్దుతూ సర్దుతూ పెందలాడే నిద్రపోయింది. తెల్లవారుజామున మలుపుదాకా నడిచి బస్సెక్కాలి. భీమన్న టార్చిలోంచి పాత బ్యాటరీలు తీసి జేబులో వేసుకున్నాడు. కొత్తవి వేసి, ఒకసారి వెలిగించి చూసి, ఆమె సంచి పక్కన పెట్టాడు. దుప్పటి ఆమె పాదాల మీదికి లాగి, చప్పుడు కాకుండా గది తలుపు మూశాడు.