చెంప నేలకు ఆనిస్తే

ఏమే మేధావీ! గోల్ఫ్ కోర్సు తయారవడం గురించి ఇంత లావు బొమ్మల పుస్తకం, అందులో ఒక్క మనిషీ లేడేంటని పెదవి విరుస్తున్నావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది. చివరి పేజీ మాత్రం తెరవకు. తెరిచావో, కథ చెప్పను. ఆ ఫోను అవతల పెట్టి విను. ప్రేమకథే. నీకు ఇష్టం లేనట్టు ఆ మొహం పెట్టకు.

ఈ బొమ్మలు వేసినామెను సైట్‌లో అందరూ బొమ్మలమ్మాయి అనేవాళ్ళు. చంకలో స్కెచ్‌బుక్కు, బూట్ల నిండా మట్టి, ముక్కు మీద కోపం. రాళ్ళూ ముళ్ళూ తప్ప ఏమీ లేని నేల పచ్చటి మైదానం అయ్యేదాకా అడుగడుగునా బొమ్మలు గీయడం ఆమె పని. ఆ నేలను మార్చేవాడు డోజర్ బాబు. బుల్డోజర్ నడుపుతాడు కాబట్టి ఆ పేరు.

మొదటి రోజే గొడవ. ఆమె వచ్చేసరికి ఇసుక పరిచి గట్టిగా అదిమిన చోట ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. కదలడు, మెదలడు. అయ్యో, ఎండదెబ్బ అనుకుని, పక్కనున్న నీళ్ళ బకెట్ ఎత్తి నెత్తిన కుమ్మరించింది.

వాడు ఎగిరి లేచాడు. "ఏంటండీ ఇది!"

"హమ్మయ్య, బతికే ఉన్నారా!"

"మీరు వచ్చేదాకా బ్రహ్మాండంగా ఉన్నాను!"

"మరి పడిపోయారేం?"

"పడిపోలేదండీ, చూస్తున్నాను. దీన్ని గ్రీన్ అంటారు. బంతి చివరికి వచ్చి గుంటలో పడే చోటు. వాలు వెంట్రుకంత తేడా వచ్చినా బంతి ఇంకెటో పోతుంది. ఆ తేడా నిలబడితే కనపడదు. చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి చూడాలి. వారం రోజుల పనండీ! మీరొచ్చి..."

మాట మధ్యలో ఆగిపోయాడు. ఇసుక మీద నీళ్ళన్నీ చక్కగా పక్కకు జారిపోయాయి, ఒక్క చోట తప్ప. అక్కడ పళ్ళెమంత మడుగు నిలిచి, ఆకాశాన్ని చూపిస్తోంది. వాడి కంటికి దొరకని పల్లం అది.

"నా బకెట్‌కి థాంక్స్ చెప్పండి," అందామె.

వాడు చెప్పలేదు. మర్నాడు బకెట్ తనే నింపి, ఆమె కోసం ఎదురుచూశాడు.

అప్పట్నుంచి ఏ గ్రీన్ తయారైనా ఆమె నీళ్ళు పోయాల్సిందే, వాడు బోర్లా పడుకోవాల్సిందే. వాన వస్తే అందరూ షెడ్డులోకి పరిగెడతారా, వీళ్ళిద్దరూ నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తూ తడుస్తూ నిలబడేవాళ్ళు. నీళ్ళనే చూశారో, ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారో, అది వాళ్ళకే తెలియాలి.

"బొమ్మల్లో నన్ను వేయకండి," అన్నాడొకసారి.

"అంత అందగాడిననా?"

"అది కాదండీ. గడ్డి మొలిచాక ఈ నేల ఎప్పట్నుంచో ఇలాగే ఉందనిపించాలి. ఎవడో చేశాడని తెలిసిపోతే నా పని చెడినట్టే."

ఆమె నవ్వలేదు. వేయనని మాటిచ్చింది.

ఆఖరి గ్రీన్ అయిపోవచ్చింది. అది ముగిస్తే డోజర్ లారీ ఎక్కుతుంది, వాడు ఇంకెక్కడో ఇంకో నేల దగ్గరికి పోవాలి. ఈలోగా ఆమెకు మనసులో మాట చెప్పాలి. పొద్దున డోజర్ మీద కూర్చుని నాలుగు ముక్కలు కూడబలుక్కునేవాడు, సాయంత్రం ఆమె ఎదురుపడగానే నాలుగూ మింగేసేవాడు.

సైట్‌కి ఒక మేస్త్రీ ఉండేవాడు. బుర్ర మీసాలు, బానపొట్ట. రోజుకొకళ్ళను ఆటపట్టించకపోతే ఆయనకు ముద్ద దిగదు. వీడి అవస్థ కనిపెట్టి, చెవి దగ్గర చేరాడు. "ఒరేయ్, విన్నావా? ఆ పిల్లకు సంబంధం కుదిరిందట."

అంతే. మూడు రోజులు వాడు ఆమె వైపు చూడలేదు. బకెట్ ఎండిపోయి పడుంది.

లారీ వచ్చింది. డోజర్ ఎక్కించేశారు. వాడు క్యాబిన్ తలుపు మీద చెయ్యి వేశాడో లేదో, ఆమె పరిగెత్తుకొచ్చి పేజీల కట్ట చేతిలో పెట్టింది. "అచ్చుకు పోతోంది. చూసి వెళ్ళండి."

మొదటి పేజీ తీశాడు. గులకరాళ్ళు కొండల్లా లేచి ఉన్నాయి. రెండో పేజీలో తవ్విన నేల, అడుగున చేపముల్లులా పరిచిన నీటి గొట్టాలు. ఆ తర్వాత ఇసుక. నిద్రపోతున్న పెద్ద జంతువు వీపులా, ఊపిరి పీలుస్తున్నట్టు మెల్లగా పైకి లేచి కిందికి దిగుతోంది. ఆపైన మొదటి గడ్డి. మొలక మొలకకూ ఒక నీటిబొట్టు, బొట్టు బొట్టులో ఒక సూర్యుడు.

ఇంత గొప్పదా నేను రోజూ డోజర్ బ్లేడుతో గీకిన మట్టి, అనుకున్నాడు వాడు.

"ఇది... నిలబడి చూస్తే కనపడదు," అన్నాడు.

"అందుకే రోజూ నీకంటే ముందొచ్చి బోర్లా పడుకునేదాన్ని. నిన్ను వేయనని మాటిచ్చాను. నీ చూపు వేయనని ఇవ్వలేదుగా!"

మీరు పోయి నువ్వు ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

"చివరి పేజీ ఖాళీగా ఉందే?"

"కథ ఎలా ముగుస్తుందో నాకు తెలిస్తేగా?"

వాడు పేజీల కట్ట మూశాడు. "నాతో వచ్చేయ్ అందామనుకున్నా. కానీ నీకు పెళ్ళి కుదిరిందిగా."

"నాకా? ఎవరితో?"

"మేస్త్రీ చెప్పాడు."

"ఆయన నాకేం చెప్పాడో తెలుసా? నీకు పెళ్ళాం, ఇద్దరు కవలలు ఉన్నారట! నేను నమ్మానా?"

ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముందు ఆమె నవ్వింది. తర్వాత వాడి చెవిలో ఏదో చెప్పింది.

"మేస్త్రీ గారూ!" వాడు గాభరాగా కేకేశాడు. "ఆఖరి గ్రీన్‌లో పల్లం పడింది. మా కళ్ళకు అందడం లేదు, పెద్దవాళ్ళు మీరొకసారి చూడాలి."

మేస్త్రీ ఉబ్బిపోయాడు. పొట్ట సర్దుకుని బోర్లా పడుకున్నాడు. చెంప ఆనించాడు. ఒక కన్ను మూశాడు.

"ఏదిరా పల్లం? నున్నగా అద్దంలా ఉంటేనూ!"

ఠపీమని బకెట్ నీళ్ళు.

ఉక్కిరిబిక్కిరవుతూనే చూశాడాయన. నీళ్ళన్నీ జారిపోయాయి, ఎక్కడా చుక్క నిలవలేదు. అంత అందంగా కుదిరిన నేలను జన్మలో చూడలేదు. తడి చేతులతోనే ఇద్దరి తలలూ నిమిరాడు. లారీ ఇద్దరినీ ఎక్కించుకుని కదిలింది.

ఇప్పుడు చివరి పేజీ తెరువు. పుస్తకం మొత్తానికి ఒకే ఒక్క మనిషి. బోర్లా పడి, తడిసి ముద్దయి, ముక్కు చివర ఇసుక. ఆ మీసాలు ఎక్కడో చూసినట్టుందా?

ఎందుకే ఆ ఇకిలింపు? నా పొట్ట నిజానికి అంత లేదు. కావాలనే పెద్దది చేసింది మీ అత్త.