మారని ఎనిమిదో అంకె

నర్సమ్మ వచ్చి డిటెక్టివ్ ఎదుట కుర్చీ అంచున కూర్చుంది. చేతిలోని కాగితం ముందుకు చాపింది.

"రేపు తనిఖీ అధికారి వస్తున్నారమ్మా. ఆలోపే నన్ను పంపించేస్తారట. ముసలివాళ్ల నోటి దగ్గర కూడు లాక్కున్నానట!"

ఆమె పనిచేసేది వృద్ధుల సంరక్షణ గృహంలో. ఎవరు జారిపడ్డారు, ఎవరికి పుండ్లు పడ్డాయి, ఎవరు చిక్కారు, అన్నీ నెలనెలా రాసి పైకి పంపాలి. ఈ నెల నివేదికలో, నడవలేని ఎనిమిది మంది అవ్వల్లో ఏడుగురు తలా మూడు కిలోలు తగ్గారు. వాళ్ల భోజనం బాధ్యత నర్సమ్మదే.

డిటెక్టివ్ కాగితం అందుకుంది. పక్కన నోటుపుస్తకంతో నిలబడ్డ సహాయకురాలు ఆమెకి మేనకోడలే. అత్తయ్య కనుబొమ్మ ఎప్పుడు లేస్తుందా అని కనిపెట్టడమే ఆ పిల్ల ఉద్యోగంలో సగం.

"ఏడుగురూ మూడేనా?"

"వంద గ్రాములు అటూ ఇటూ."

"నడవగలిగిన వాళ్లో?"

"ఒక్కరూ తగ్గలేదమ్మా."

కనుబొమ్మ లేచింది. "బక్కావిడా బొద్దావిడా ఒకే లెక్కన చిక్కడం నేనెక్కడా చూడలేదు. పదవే."

తూకాల గదిలో నేలమట్టంగా ఒక కాటా, దాని పక్కన తళతళలాడే చక్రాల కుర్చీ ఉన్నాయి. నడవలేని వాళ్లందరినీ ఆ కుర్చీలోనే తూచి, కుర్చీ బరువు తీసేస్తారని నర్సమ్మ చెప్పింది. గోడమీది కార్డులో 'ఖాళీ కుర్చీ: పందొమ్మిది కిలోలు' అని ఉంది. కింద నెలకొకటి చొప్పున సూపర్‌వైజరు సంతకాలు. మేనకోడలు కుర్చీని పక్కకి జరపబోతే అది ఒంటిచేత్తో లేచి వచ్చింది.

తర్వాత వార్డుకి వెళ్లారు. బరువు మారని ఎనిమిదో అవ్వ మూడు దిండ్లకి ఆనుకుని కూర్చుంది.

"నన్నడగడానికేముంది తల్లీ, నేను నిక్షేపంగా ఉన్నా. ఈ మాయదారి చెప్పులే కుంచించుకుపోయాయి."

"పడుకోరా అవ్వా?"

"వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. కూర్చునే ఓ కునుకు తీస్తా."

మేనకోడలు చెప్పుల మాటకి నవ్వింది. అత్తయ్య నవ్వలేదు.

"మేనేజరునీ సూపర్‌వైజరునీ తూకాల గదికి పిలువు. డాక్టరుగారిని కూడా. త్వరగా!"

అందరూ వచ్చాక ఖాళీ కుర్చీని కాటా మీదకి నెట్టింది. పదహారు కిలోలు.

"పాతది పోయి కొత్తది ఎప్పుడొచ్చింది?"

"పది రోజులైంది," అన్నాడు మేనేజరు.

"కార్డులో మాత్రం పాతదాని బరువే. మూడు కిలోలు ఎక్కువ తీసేశారు, కాగితం మీద ఏడుగురూ చిక్కిపోయారు. నెలనెలా ఖాళీ కుర్చీని తూచి సంతకం పెట్టాలి కదా, సూపర్‌వైజరు గారూ?"

"ఇనుము చిక్కుతుందా అమ్మా, నెలనెలా తూచడానికి!"

"చిక్కదు. మారుతుంది. కొత్తది వచ్చిందని తెలిసీ నోరెందుకు విప్పలేదు?"

అతను తల దించుకున్నాడు. "తూచకుండా సంతకాలు పెట్టానని తెలిసిపోతుందని..."

"అందుకని ఈమె మీదకి తోశారు."

మేనేజరు నిట్టూర్చాడు. "హమ్మయ్య! అయితే ఎవరికీ ఏమీ కాలేదన్నమాట."

"ఎనిమిదో ఆవిడా ఈ కుర్చీలోనే కూర్చుందిగా? ఏడుగురికి మూడేసి కోసిన లెక్క ఆవిడ దగ్గర ఎందుకు ఊరుకుంది?"

మేనకోడలు పెన్సిలు గబగబా నడిచి ఆగిపోయింది. "పెరిగింది అత్తయ్యా! మూడు కిలోలు!"

"కొత్త కుర్చీని వచ్చిన రోజే తూచి ఉంటే ఈ పెరుగుదల నివేదికలోనే కనిపించేది. అది కండ కాదు, ఒంట్లో చేరిన నీరు. చెప్పులు కుంచించుకుపోలేదు, కాళ్లు వాచాయి. డాక్టరుగారూ, గుండె చూడండి."

నర్సమ్మ అప్పటికే వార్డులోకి పరుగెత్తింది. తన ఉద్యోగం నిలిచిందన్న ధ్యాసే లేదు. అవ్వ కాలి ముందు మోకరిల్లి బొటనవేలితో మడమకి పైన ఎముక మీద నొక్కి తీసింది. గుంట అలాగే ఉండిపోయింది. వెనకే వచ్చిన అందరూ దాన్నే చూశారు.

డాక్టరు గుండె విని, చెవుల నుంచి స్టెతస్కోపు తీసి, అంబులెన్సుకి ఫోను చేయమన్నాడు. "ఇంకో రెండు రోజులాగితే నా చేతుల్లో ఉండేది కాదు."

నివేదికలో నడవలేని ఎనిమిది మందిలో, బరువు తగ్గిందని ఎర్ర గీత పడని పేరు ఈ అవ్వదొక్కటే. మేనకోడలు ఆ వరసనీ అత్తయ్య మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

స్ట్రెచరు నలుగురు ఎత్తారు. నర్సమ్మ చెయ్యి పట్టుకుని అవ్వ కసిరింది.

"మెల్లగా మొయ్యండర్రా, నేనింకా బతికే ఉన్నా!"