సిబ్బంది పేజీలో పెద్దావిడ

మేడమెట్ల కింద ఉన్న చిన్న గదే వదిన కుట్టుకొట్టు. ఒక మిషను, కత్తిరింపుల బల్ల, బట్టల బీరువా, మూలన పరదా కట్టిన ట్రయల్ రూము. అంతే. ఏళ్ల తరబడి పెద్ద దుకాణంలో ఒకరి కింద మాటలు పడుతూ కుట్టి, చివరికి పంతం పట్టి పెట్టుకున్న కొట్టు. అందుకే ఆమె ఎదురుగా లేకుండా అక్కడ గుండుసూది కూడా కదలకూడదు.

వెబ్‌సైటు మాత్రం ఆడపడుచు చేసిపెట్టింది. కుట్టుపనివాళ్ల కోసం ఉచితంగా దొరుకుతున్న టెంప్లేటు ఒకటి దించుకుని, పేరూ ఫోటోలూ మార్చింది. అన్నీ మారాయి, ఒక్కటి తప్ప. 'మా సిబ్బంది' అన్నచోట నమూనాగా వచ్చిన ఫోటో. నెరిసిన ముడి, మెడలో కొలతల టేపు, కుర్చీలో కూర్చున్న పెద్దావిడ. పెదవులు నవ్వుతున్నాయి. కళ్లు నవ్వడం లేదు.

"ఎవరే ఈవిడ? తీసెయ్," అంది వదిన.

"తీస్తే మళ్లీ వచ్చి కూర్చుంటోంది వదినా. ఉచితం కదా, ఏదో మెలిక పెట్టుంటారు. ఉండనీ, నిన్నేమన్నా జీతమడుగుతుందా?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

వారం తిరక్కుండానే వీధి చివరి బడి టీచరమ్మ వచ్చింది. "నా జాకెట్టు ఎంతవరకు వచ్చిందమ్మా?"

"ఏ జాకెట్టండీ?"

"అదేంటి, నిన్న మీ పెద్దావిడ కొలతలు తీసుకుందిగా! పాపం, చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. ఒంట్లో బాగోలేదా?"

నిన్న కొట్టు తెరవనే లేదు.

టీచరమ్మను ఏదో చెప్పి పంపేసి, ఆడపడుచును లాప్‌టాప్ పట్టుకుని రమ్మంది. ఆ పిల్ల వచ్చేసరికి వాన పట్టుకుంది. సాయంత్రం కాకుండానే గదంతా మసక కమ్మింది. ఎక్కడినుంచో ఓ వాసన. ఏళ్లుగా మూత తీయని ట్రంకుపెట్టెలో తడి ఉన్ని బట్టలు మగ్గినట్టు.

సిబ్బంది పేజీ తెరుచుకుంది.

కుర్చీ ఉంది. పెద్దావిడ లేదు. కుర్చీ వెనక వేలాడుతున్నది... వాళ్ల ట్రయల్ రూము పరదానే.

"వదినా..."

"సైటు మొత్తం తీసెయ్. ఇప్పుడే."

ఆడపడుచు నొక్కింది. తెరమీద ఒకే ముక్క వచ్చింది: సిబ్బందిని తొలగించే అధికారం మీకు లేదు.

పరదా వెనక ఏదో కదిలింది. టేపు లాగిన చప్పుడు. సర్ర్... సర్ర్...

తర్వాత గొంతు. మెత్తగా, ముద్దుగా.

"చేతులు పైకెత్తమ్మా..."

ఆడపడుచు చేతులు వాటంతటవే లేచాయి. కళ్లు పెద్దవయ్యాయి. దించాలని చూస్తోంది. దిగడం లేదు.

వదినకు ఒళ్లు మండింది. కత్తెర అందుకుంది. ఒక్క గుంజుతో పరదా లాగేసింది.

లోపల ఎవరూ లేరు. అద్దంలో మాత్రం... ఆమె భుజం వెనకే, నెరిసిన ముడి. మెడ చుట్టూ చల్లగా ఏదో పడింది. బిగుసుకుంటోంది.

"ఉచితంగా తీసుకున్నారుగా..." చెవి దగ్గర గుసగుస.

"తీసుకున్నాం. తిరిగిచ్చేస్తున్నాం." ఊపిరాడకపోయినా వదిన గొంతు తగ్గలేదు. "నా నెత్తినెక్కి ఎవరూ కూర్చోకూడదనే ఈ కొట్టు పెట్టాను. నేను రమ్మనందే నువ్వు రావు. నేను పెట్టుకోందే నువ్వు నా కొట్లో మనిషివి కావు. నడు బయటికి!"

కత్తెర మెడ పక్కకి దూర్చి టక్కున కత్తిరించింది. చేతికి ఏమీ తగల్లేదు. కత్తెరకు తగిలింది.

వెనక ఆడపడుచు చేతులు బల్లమీద దభీమని పడ్డాయి. ఆ పిల్ల ఏడుస్తూనే మళ్లీ నొక్కింది. ఈసారి సైటు పోయింది. వాసన కూడా పోయింది.

మర్నాడు ఎండ కాసింది. వదిన బీరువా తెరిచింది. అందులో పొడుగు కోటు ఒకటి వేలాడుతోంది. కుట్టు చూసింది. సన్నగా, తీరుగా. తనది కాదు. టేపు పెట్టి కొలిచింది. భుజం, ఛాతీ, చేతి పొడవు. అన్నీ ఆడపడుచు కొలతలే.

"ఎంత బాగుందో వదినా," అంటూ ఆ పిల్ల చెయ్యి చాచింది.

"ముట్టుకున్నావంటే వీపు చీరేస్తా!"

కోటు పట్టుకెళ్లి వీధి గుమ్మంలో ఎండలో కూర్చుంది. వచ్చేపోయేవాళ్లు చూస్తే చూడనీ. బ్లేడు పెట్టి ఒక్కో కుట్టూ తెంపడం మొదలెట్టింది. భుజం విడిపోయింది. పక్క విడిపోయింది. లోపలి బట్ట ఊడదీయడానికి చెయ్యి దూర్చింది.

రాత్రంతా బీరువాలో ఉన్న కోటు. లోపల వెచ్చగా ఉంది, ఎండ వేడి కాదు, ఒంటి వేడి. ఎవరో ఇప్పుడే విప్పినట్టు.

బ్లేడు ఒక్క క్షణం ఆగింది. వదిన పళ్లు బిగించి, తర్వాతి కుట్టు తెంపింది.