తడి లేని రాయి

గుహల గైడు వేషంలో ఉన్న మన మనిషిని పొద్దున్నే ఎవరో కాల్చేశారు. ప్రాణం పోయేముందు అతను వైర్‌లెస్‌లో చెప్పగలిగింది ఒక్కటే: శత్రువులు పెట్టిన విషం గుహలోనే ఉంది, మిట్టమధ్యాహ్నం పేలి అడుగున పారే ఏట్లో కలుస్తుంది. కింది ఊరంతా తాగేది ఆ ఏటి నీళ్లే.

"లోపల నీకు సాయం చేసేది నెమలి," అన్నాడు చీఫ్, ఫ్యాను కేసి చూస్తూ.

ఆ కోడ్ పేరు ఎవరిదో ఏజెంటుకు బాగా తెలుసు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసి, పెళ్లి మాట ఎత్తగానే ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని మాయమైన మనిషి ఆమె. ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు పంపుతున్నారని అడగాల్సింది. అడగలేదు. వెర్రి ఆశ, ఇంకేముంది!

టూరిస్టు టోపీతో నేషనల్ పార్కులో దిగాడు. రీసెర్చర్ వేషంలో, హెల్మెట్ కింద కూడా ఆమె అందంగానే ఉంది. కోడ్ వర్డ్ చెప్పుకుని లోపలికి నడిచారు. కప్పు నుంచి సున్నపురాయి జడల్లా వేలాడుతోంది. నేల మీంచి తెల్లటి స్తంభాలు మొలిచాయి. బొట్టుబొట్టుగా నీరు రాలి, వేల ఏళ్లకు జానెడు పెరిగిన రాళ్లు అవి. వట్టి చేత్తో ముట్టుకుంటే చర్మం జిడ్డు అంటి ఇక పెరగవు. దారిలో ఇద్దరు టూరిస్టులను ఆమె అందుకే చెడామడా తిట్టింది.

ఎడమ చీలికంతా వెతికానని, ఏమీ లేదని చెప్పింది. అయినా ఓసారి చూస్తానన్నాడు. అక్కడ ఆమె గ్లవ్స్ తీసేసి అతని నుదుటి చెమట తుడిచింది.

"చిక్కిపోయావు. వేళకి తింటున్నావా?" అంటూ పక్కనున్న స్తంభం మీద వట్టి చెయ్యి ఆనించింది.

అతని చూపు ఆ చేతి మీదే ఆగిపోయింది. అది రాయి కాదని తెలిస్తే తప్ప ఆమె అలా ఆనించదు. టార్చి పైకి తిప్పాడు. కప్పు పొడిగా ఉంది. బొట్టు రాలని చోట రాయెలా మొలుస్తుంది? ఒక్క తన్ను తన్నాడు. ఫైబర్ పెంకు పగిలి లోపల టైమర్ మెరిసింది.

ఆమె పిస్టల్ తీసింది. "వెళ్లిపో. నిన్ను చంపలేను."

"కింద ఊళ్లో పిల్లలున్నారు."

ఆమె పిస్టల్ దించలేదు. అయినా కాల్చదని అతనికి తెలుసు. ఆ ప్రేమనే అడ్డం పెట్టుకుని వంగి, బెల్టు బకిల్‌లోని కట్టర్‌తో తీగ తెంపాడు. టైమర్‌లో ఒక్క సెకను మిగిలింది. అంతలో వెనక చీకట్లోంచి కమాండోలు దూకి ఆమెను పట్టుకున్నారు. వాళ్లు వస్తున్నట్టు అతనికే తెలీదు.

"నన్ను పట్టివ్వడానికే వచ్చావన్న మాట," అందామె.

బయటికొచ్చాక చీఫ్ ఫోన్లో తెగ మెచ్చుకున్నాడు. ఆమె మీద అనుమానం ఎప్పట్నుంచో ఉందట.

"అందరి ముందూ ఒళ్లు దగ్గర పెట్టుకుంటుందయ్యా. నీ దగ్గరైతే ఏమరుతుందనే నిన్ను పంపాను."

ఫోను నేలకేసి కొట్టాలన్నంత అసహ్యం వేసింది అతనికి.

గేటు దగ్గర పార్కు గార్డు అడ్డొచ్చాడు. లోపల రాయి విరగ్గొట్టింది మీరేనా, అది పెరగడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలుసా అంటూ కడిగేశాడు.

"ఏళ్లు పట్టి పెరిగినవి విరగ్గొట్టడమే నా ఉద్యోగమండీ," అన్నాడు ఏజెంటు, టూరిస్టు టోపీ తీసి అతని చేతిలో పెడుతూ.