రోటర్ లేని జీపు

స్టార్టర్ తిరిగింది. ఇంజన్ అందుకోలేదు.

1984 జనవరి, ఆదివారం. ఉదయం ఆరున్నర. వరంగల్ మట్టెవాడలో తన ఇంటి పక్క రేకుల షెడ్డులో ప్రభుదాసు ఇంకోసారి ప్రయత్నించి, బానెట్ ఎత్తాడు. డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. లోపల రోటర్ లేదు.

బొటనవేలంత ముక్క. అది తిరిగి ప్లగ్గులకు కరెంటు పంచకపోతే ఎంత జీపైనా పాత ఇనప సామానే.

డబ్బాలో దాచిన స్పేరు రోటర్ కూడా లేదు.

పన్నెండింటికి హనుమకొండలో వెహికల్ చెకింగ్. ఆ తర్వాత జీపుల ర్యాలీ పోటీ. వాగులూ రాళ్లూ దాటుకుంటూ పోవాలి. ఆదివారం షాపులన్నీ బంద్. మిల్లులో ఫిట్టరు పని చేసుకుంటూ, ఏడాదిన్నరగా ఆ మిలిటరీ జీపును విప్పి మళ్లీ కట్టిన మనిషికి కాళ్లూ చేతులూ ఆడలేదు. పోలీస్ స్టేషనుకు పరుగెత్తాడు.

ఇంకెవరైనా నవ్వి పంపేవాళ్లే. ఎస్సై వెంకట్రాజం మాత్రం టోపీ పెట్టుకుని బయల్దేరాడు. సెలవు రోజున పోవడానికి అతనికి ఇల్లు లేదు, ఒక గది ఉంది. గదిలో పలకరించే దిక్కు లేదు. కేసు చిన్నదైనా మనుషులున్న చోటికే కదా పోయేది!

“పొద్దుగాల బండి ఎట్లున్నది?”

“రాత్రి నేను కప్పినట్లే దుప్పటి కప్పి ఉండె సార్.”

“డిస్ట్రిబ్యూటర్ మూత?”

“పెట్టే ఉండె. దాని క్లిప్పు ఒకటి ఇరిగింది. బైండింగ్ వైర్ చుట్టి ఆపిన. వైర్ గూడ చుట్టే ఉండె.”

వెంకట్రాజం మడ్‌గార్డ్ మీద ప్రభుదాసు పొద్దున విప్పి పెట్టిన వైరును చేతిలోకి తీసుకున్నాడు. చివర మెలిక ఎడమవైపు తిరిగి ఉంది.

“నాది ఎడమచెయ్యి సార్,” అన్నాడు ప్రభుదాసు.

“నువ్వు రాత్రి చుట్టినవ్. దొంగ దాన్ని ఇప్పిండు. మరి మళ్ల చుట్టిందెవరు?”

ప్రభుదాసు మెలికను దగ్గరగా చూశాడు. అచ్చం తను చుట్టినట్టే ఉంది.

“షెడ్డుకు ఎవరెవరొస్తరు?”

“ఇద్దరే సార్. ఒకలు సుందర్ రావు సారు, లెక్చరర్. ర్యాలీల నా పక్కన కూసోని దారి చెప్పేది ఆయనే. ఇంకొకలు వెల్డింగ్ మొగిలయ్య. బండి మీద ఆయన పేరు రాయలేదని కోపమున్నది.”

“ఇంట్ల?”

“ఎవరు లేరు సార్.”

ఆ మాట వెంకట్రాజానికి బాగా తెలుసు. ఎవరడిగినా తనూ అదే చెప్తాడు. అందుకే అప్పుడే చాయ్ వచ్చేసరికి ఆశ్చర్యపోయాడు. చర్చికి పోవడానికి తెల్లచీర కట్టుకున్న ముప్పై ఏళ్ల ఆవిడ రెండు గ్లాసులు బెంచీ మీద పెట్టి, గుమ్మం పక్కన నిలబడింది.

“మా చెల్లె, ఎస్తేరు,” అన్నాడు ప్రభుదాసు, తల తిప్పకుండానే.

ఎనిమిదింటికి సుందర్ రావు, మొగిలయ్య వచ్చారు. ఎస్సై ఇద్దరికీ చెరో వైరు ముక్క ఇచ్చి చుట్టమన్నాడు. సుందర్ రావు వేలికి గుచ్చుకున్నాడు. మొగిలయ్య ప్లయర్‌తో బిగించాడు, కుడివైపుకు.

“నేనే దొంగనైతే దుప్పటెందుకు కప్పుత సారూ?” మొగిలయ్య మండిపడ్డాడు. “దొంగకు బండి మీద గంత ప్రేమ, గంత పావురమా?”

“నేనూ అదే అనుకుంటాన,” అన్నాడు ఎస్సై. “ప్రభుదాస్, నువ్వు రాత్రి పని చేస్తాంటే లైటు ఎవరు పడుతరు?”

“ఎస్తేరు.”

“ఎప్పటిసంది?”

“మొదటిసంది.”

“ట్రయల్ తీసినప్పుడు పక్క సీట్ల?”

ప్రభుదాసు గొంతు తగ్గింది. “ఆమెనే. మలుపులు చెప్పేది.”

“మరి ఇద్దరే వస్తరంటివి?”

“ఇంట్ల మనిషి గద సార్! ఆమెను లెక్కవెట్టుడేంది?”

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఎస్సై పట్టాడు. చాయ్ ఎవరు తెచ్చారో చూశాడు కాబట్టి పట్టాడు.

“నీ ఎడమచెయ్యి ఎట్ల తిరుగుతదో దగ్గరుండి చూసింది ఒక్కతే,” అన్నాడు. “స్పేరు ఏ డబ్బాల ఉన్నదో తెలిసింది ఆమెకే. రోటర్ తీసినంక గూడ, బండి మంచుల తడుస్తదని దుప్పటి కప్పబుద్ధయింది ఆమెకే.”

ఎస్తేరు ఏడవలేదు. కొంగు ముడి విప్పింది. రెండు రోటర్లు. తెల్లచీరకు నల్లమరక అంటింది.

“ఏడాదిన్నర సార్. ఈయన నాతోని మాట్లాడింది రెండే మాటలు. జర పైకి పట్టు. జర కిందికి పట్టు. అయినా మంచిగనే ఉండె. పక్క సీటు నాదే అనుకున్న. మొన్న ఈ సారు పేరు ఇచ్చిండట. నాకు చెప్పనన్న చెప్పలె. బండి పని అయిపోయె. ఇగ ఆ రెండు మాటలు గూడ ఉండయ్.”

“వస్తనని ఒక్కమాట అడగకపోయినవా?” గొణిగాడు ప్రభుదాసు.

“వస్తవా అని నువ్వడిగినవా అన్నా?”

సుందర్ రావు ముందుకొచ్చాడు.

“చెకింగ్ దాక పేరు మార్చుకోవచ్చు ప్రభుదాస్. నిజం చెప్పాలంటే, గుంతల రోడ్డు మీద బస్సెక్కితేనే నాకు వాంతులైతయ్.”

ప్రభుదాసు కొక్కేనికి వేలాడుతున్న హ్యాండ్ ల్యాంప్ తీసి వెలిగించాడు. ఆ షెడ్డులో పగలు కూడా చీకటే. బానెట్ కింద వెలుగు పట్టి, “నువ్వు పెట్టు,” అన్నాడు.

ఎస్తేరు వంగింది.

“జర కిందికి పట్టన్నా.”

అతను దించాడు. రోటర్ టక్కున కూర్చుంది. ఈసారి ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది.

కంప్లయింట్ గురించి ఎవరూ ఎత్తలేదు. పదింటికి జీపు గల్లీ దాటింది. పక్క సీట్లో తెల్లచీర. వెనక, చెకింగ్ దాకా, మొగిలయ్య, సుందర్ రావు. ఆ సంబరంలో ఇంటి తలుపు వేయడం కూడా మరిచిపోయారు.

వెంకట్రాజం ఒక్కడే మిగిలాడు. చల్లారిన చాయ్ తాగాడు. షెడ్డులో ఇంకా పెట్రోలు వాసన ఉంది. పోయి చేసే పనేమీ లేదు.

పాలు పోసే సమ్మమ్మ గుమ్మంలోకి వచ్చింది. “ఇంట్ల ఎవరున్నరు సారూ?”

“ఎవరు లేరమ్మా.”

సమ్మమ్మ పాలక్యాను కింద పెట్టి, అతన్ని ఎగాదిగా చూసింది.

“మరి నువ్వు మనిషివి గాదా?” అంది. “పో, లోపల్నుంచి గిన్నె తే.”

వెంకట్రాజం టోపీ తీసి బెంచీ మీద పెట్టి, గిన్నె కోసం లోపలికి వెళ్లాడు.