సెలక్షన్స్ అయ్యాక క్షమిస్తాను

ఐదు వేల మీటర్ల పరుగంటే ట్రాక్ చుట్టూ పన్నెండున్నర రౌండ్లు. అలుపుతో పరిగెత్తేవాళ్ళకి ఆ లెక్క గుర్తుండదు కాబట్టి ఫినిషింగ్ లైన్ దగ్గర ఒక మనిషిని కూర్చోబెడతారు. ఇంకా ఎన్ని రౌండ్లున్నాయో అంకెల పలకలు తిప్పి చూపించడం, చివరి రౌండు మొదలవగానే గంట కొట్టడం అతని పని. ఆ రోజు ఆ కుర్చీలో కూర్చున్నది హైస్కూల్లో లెక్కలు చెప్పే కుర్ర మాస్టారు. లెక్కల మాస్టారే కూర్చున్నాక ఇంకేం భయమని అందరూ నిశ్చింతగా ఉన్నారు.

ఆయనగారు ఒక రౌండు ముందే గంట కొట్టేశారు.

అప్పటికి అందరికంటే ముందున్నది చిట్టి. పేరుకే చిట్టి గానీ, ఇంట్లో ట్యూబులైటు మార్చాలంటే స్టూలు అక్కర్లేని పొడుగు. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం, పొద్దున్నే పరుగు, ఆదివారం చర్చి, ఇదీ ఆమె లోకం. గంట వినగానే ఒంట్లో ఉన్న సత్తువంతా ఊడ్చి పరిగెత్తింది. గీత దాటి, "స్తోత్రం ప్రభువా" అంటూ గడ్డి మీద వెల్లకిలా పడిపోయింది.

మిగతావాళ్ళు ఆమెను దాటి పరిగెడుతూనే ఉన్నారు. వాళ్ళ కోచ్‌లు ఇంకో రౌండుందని అరిచి చెప్పారు మరి. చిట్టి కోచ్ మేడమ్ కూడా గంటనే నమ్మింది. సంగతి తెలిసి ఆవిడ పరుగున వచ్చి లేపేసరికి చిట్టి కాళ్ళు చిట్టి మాట వినడం మానేశాయి. రాష్ట్ర జట్టుకి మొదటి ఇద్దరినే తీసుకుంటారు. ఈమె ఐదోది. అధికారులు సారీ చెప్పారు, ఫలితం మాత్రం మార్చలేదు.

మాస్టారు తేలు కుట్టిన దొంగలా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"స్కూల్లో ఏం నేర్పుతారండీ మీరు? పన్నెండు తర్వాత పద్నాలుగనా?" అంది చిట్టి.

"పదమూడనే చెప్తానండీ. ఇవాళే ఇలా అయింది," అన్నాడతను దీనంగా.

ఆ జవాబుకి ఆమె ఒళ్ళు ఇంకా మండింది.

అక్కడితో అయిపోతే కథే లేదు. నెల తిరక్కుండానే అతనికి బదిలీ అయింది. కొత్త స్కూలు చిట్టి వాళ్ళ వీధి చివర. కొత్త ఇల్లు ఆ పక్క సందులో. ఆదివారం చర్చిలో పాస్టర్ గారు కొత్తగా వచ్చినవాళ్ళని లేచి నిలబడమంటే, మూడో బెంచీలోంచి లేచింది అతనే. సంఘమంతా నవ్వుముఖంతో వందనాలు చెప్పింది. చిట్టి పాటల పుస్తకం తెరిచి అందులోకి చూసింది.

ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి జనం వరసగా ముందుకు వెళతారు. వెళ్ళే ముందు పాస్టర్ గారు ఎప్పుడూ ఒక మాట చెబుతారు. ఎవరితోనైనా మనసులో పేచీ ఉంటే ముందు సమాధానపడి, తర్వాతే బల్ల దగ్గరికి రావాలని. చాలామందికి అది అలవాటుగా వినే మాట. చిట్టికి అబద్ధం ఆడటం చేతకాదు. లోపల ఒక మనిషి మీద మంట పెట్టుకొని చేతులు ఎలా చాపను అనుకొని కూర్చుండిపోయింది.

అంతా వెళ్ళాక చూస్తే బెంచీల్లో ఇంకొకరే మిగిలారు. లెక్కల మాస్టారు.

"మీకేమైంది? మీరు వెళ్ళొచ్చుగా," అంది బయటికి వచ్చాక, చెప్పులు వేసుకుంటూ.

"ఆ మాట అసలు నాకేనండీ. అవతలివాళ్ళకి నా మీద కోపం ఉందని తెలిస్తే ఆగిపోవాల్సింది నేనే కదా."

తర్వాతి నెలా అంతే. సంఘంలో పెళ్ళికాని ఆడపిల్ల, పెళ్ళికాని మగపిల్లాడు, ఇద్దరే బల్లకి దూరంగా. నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నారు. ఏ నిప్పో ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు. నోట్లో నువ్వుగింజ నానని పాస్టరమ్మ గారు చిట్టి తల్లిని పక్కకి పిలిచి, అమ్మాయికి ఏదైనా సమస్య ఉంటే దాచొద్దని మెత్తగా చెప్పారు. తల్లి ఇంటికొచ్చి బ్యాగు కూడా కింద పెట్టలేదు.

"ఏం చేశావే?"

"నేనేం చేయలేదమ్మా. గంట కొట్టింది ఆయనే."

తల్లి, ఆ కుర్రాడేనా, చూస్తే బుద్ధిమంతుడిలా ఉన్నాడే అంది. అది పుండు మీద కారం చల్లినట్టయింది.

మూడో నెల రాకముందే చిట్టి తేల్చుకుంది. సాయంత్రం స్కూలు గేటు దగ్గర అతన్ని ఆపి, సూటిగా చెప్పేసింది.

"మిమ్మల్ని క్షమిస్తాను. కానీ ఇప్పుడు కాదు. ఇంకో పోటీల జట్టుకి మళ్ళీ సెలక్షన్స్ ఉన్నాయి, అవి అయ్యాక."

"అప్పటిదాకా ఎందుకండీ?"

చిట్టి కాస్త తడబడింది. ఆ రోజు నుంచీ ఆమె ముందుకంటే వేగంగా పరిగెడుతోంది. అలుపొచ్చినప్పుడల్లా ఆ గంట గుర్తొస్తుంది, కాళ్ళు వాటంతటవే లేస్తాయి. కోచ్ మేడమ్ మెచ్చుకుంటోంది. "నాకు గెలవాలనుంది మాస్టారూ. చాలా ఉంది. కోపం పోతే వేగం పోతుందేమోనని భయం," అంది.

అతను నవ్వలేదు. బోర్డు మీద లెక్క చూసినట్టు ఆమె ముఖంలోకి చూశాడు. "అయితే ఉంచుకోండి. నేను ఆగుతాను. నా వైపు నుంచి ఏం చేయమంటారు?"

"ఏమీ వద్దు. నాకు కోపం వచ్చేలా ఉంటే చాలు."

అతను దాన్ని ఉద్యోగంలా తీసుకున్నాడు. మర్నాడు తెల్లారేసరికి గ్రౌండులో మెట్ల మీద ప్రత్యక్షం. ఎందుకొచ్చారని అడిగితే, కోప్పడటానికి మనిషి ఎదురుగా ఉంటే మీకు వీలుగా ఉంటుందని అన్నాడు. మొదట్లో బాగానే పనిచేసింది. అటు తిరిగినప్పుడల్లా అతను కనబడేవాడు, ఆమె పళ్ళు కొరికి వేగం పెంచేది.

వాన వచ్చిన రోజే బేరం తిరగబడింది. అందరూ షెడ్డు కిందికి పరిగెత్తారు. చిట్టి ఆగలేదు. మెట్ల మీద మాస్టారూ కదల్లేదు, ఒళ్ళో గొడుగు పెట్టుకొని నిండా తడుస్తున్నాడు. రౌండు పూర్తి చేసి ఆగి, గొడుగు వేసుకోరేమని అడిగింది.

"మీరు తడుస్తుంటే నేను గొడుగు కింద కూర్చుంటే మీకు మంచి కోపం వస్తుందని తెచ్చానండీ. తీరా వేసుకోవడానికి మనసొప్పలేదు."

చిట్టి ముఖం తిప్పుకొని పరిగెత్తింది. కానీ నవ్వు ఆగలేదు. కోచ్ మేడమ్ వాచీ చూసి, నవ్వుతూ పరిగెత్తేది ఎవరైనా ఉంటారా అని చెడామడా తిట్టింది.

అతను నచ్చుతున్నాడు. అదీ చిట్టికి వచ్చిన కష్టం. పొద్దున్నే లేవగానే ఇవాళ ఏ చొక్కా వేసుకొస్తాడో అనిపిస్తోంది. ఇలా అయితే జట్టులో చోటు పోయినట్టే అని దిగులు పడి, పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళింది. గెలవాలని కోరుకోవడం పాపమా అయ్యగారూ అని అడిగింది.

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, బైబిల్లో అపొస్తలుడే పరుగుపందెం సంగతి రాశాడనీ, బహుమతి వద్దని మాత్రం రాయలేదనీ అన్నారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"నువ్వు పరిగెడుతున్నావా అమ్మా, ఎవరినైనా తరుముతున్నావా?"

చిట్టి లేచి వందనం చెప్పి వచ్చేసింది. ఆరిపోతున్న కోపాన్ని ఎలాగైనా రాజేయాలని, మర్నాడు మాస్టారినే నిలదీసింది. అసలు ఆ రోజు లెక్క ఎందుకు తప్పింది అని. అడుగుతున్నప్పుడే ఆమెకి లోపల ఒక చిన్న ఆశ ఉంది, దాన్ని ఆమె ఒప్పుకోదు.

"తుమ్ము వచ్చిందండీ," అన్నాడు.

"తుమ్మా?"

"రెండుసార్లు. ఆ ఊపులో పలకలు రెండు తిరిగిపోయాయి."

"నన్ను చూస్తూ మర్చిపోయానని చెప్పొచ్చుగా. అబద్ధమైనా వినడానికి బాగుండేది."

"ఆ రోజు మిమ్మల్ని సరిగ్గా చూడనేలేదండీ," అన్నాడతను నిజాయితీగా. "చూస్తున్నది ఇప్పుడు."

చిట్టి చెవులు ఎర్రబడ్డాయి. షూ లేసు ఊడకపోయినా కూర్చొని మళ్ళీ కట్టుకుంది.

సెలక్షన్స్ రోజు రానే వచ్చింది. సగం రౌండ్లు అయ్యేసరికి ముందు ఇద్దరున్నారు, ఆమె మూడోది. ఊపిరి బరువెక్కింది. ఇలాంటప్పుడే కదా కావాలి అని కోపం కోసం లోపల వెతికింది. డబ్బాలో చెయ్యి పెడితే అడుగు తగిలింది. గంట గుర్తు చేసుకుంటే తుమ్ము గుర్తొచ్చింది, మాస్టారి ముఖం గుర్తు చేసుకుంటే వాన గుర్తొచ్చింది. అయిపోయింది, ఇక ఓడిపోతాను అనుకొని భయపడింది.

భయపడుతూనే ఇంకో రౌండు పరిగెత్తింది. కాళ్ళు ఆగలేదు. ఆ తర్వాతి రౌండులోనూ ఆగలేదు. అప్పుడు తెలిసిందామెకి, ఈ కాళ్ళు కోపం రాకముందు కూడా పరిగెత్తాయని. చిన్నప్పుడు వీధిలో ఎవరూ తరమకపోయినా పరిగెత్తేది, బాగుంటుంది కాబట్టి. గెలవాలని ఇప్పటికీ ఉంది, గొంతు దాకా ఉంది. ప్రభువుని గెలిపించమని అడగడానికి ఊపిరి చాల్లేదు. అడక్కుండానే మలుపు దగ్గర ముందున్న అమ్మాయిని దాటింది.

రెండో స్థానం. జట్టులో చోటు. కోచ్ మేడమ్ కావలించుకొని ఏడ్చేసింది. మాస్టారు మెట్ల మీద నిలబడి, ఎవరైనా చూస్తారని కూడా లేకుండా రెండు చేతులతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ వెంటనే వచ్చింది నెల మొదటి ఆదివారం. పాస్టర్ గారు ఎప్పటి మాట చెప్పారు. జనం లేచి ముందుకు కదిలారు. మాస్టారు మూడో బెంచీలో అలాగే కూర్చున్నాడు. చిట్టి లేచి నేరుగా అతని దగ్గరికి వెళ్ళింది. వరసలో ఉన్న పాస్టరమ్మ గారి తల అటు తిరిగింది.

"సెలక్షన్స్ అయిపోయాయి," అన్నాడతను, గొంతు తగ్గించి. "మీరు మాట ఇచ్చారు."

"కుదరడం లేదు."

అతని ముఖం పాలిపోయింది.

"క్షమించడానికి కోపం మిగల్లేదు. ఎప్పుడు పోయిందో నాకే తెలీదు," అంది చిట్టి. "లేవండి, వరస అయిపోతోంది."

వరసలో ఒకరి వెనక ఒకరు వెళ్ళి, పక్కపక్కన మోకరించారు. రొట్టె అందుకుంటున్నప్పుడు చిట్టికి కన్నీళ్ళొచ్చాయి. ఇన్ని నెలలు ఎంత ఆకలిగా ఉందో ఆమెకి అప్పుడు తెలిసింది. పాస్టర్ గారు ఇద్దరినీ చూసి, ఆ రోజు ఆశీర్వాదం మామూలు కంటే కాస్త పొడుగ్గా చెప్పారు.

బయట తల్లి, పాస్టరమ్మ గారు దూరంగా నిలబడి ఏదో మాట్లాడుకుంటున్నారు. చూపులు మాత్రం ఇటే. ఎదురెండలో కళ్ళు చిట్లించుకుంటూ మాస్టారు అడిగాడు.

"వచ్చే నెల పెద్ద పోటీలు కదా. కోపం లేదంటున్నారు, ఇప్పుడు దేంతో పరిగెడతారు?"

"గెలవాలనుంది. దానికి ఎవరి మీదా కోపం అక్కర్లేదట." చిట్టి ఒకసారి తల్లి వైపు చూసింది. "నేను తిరిగొచ్చాక మా అమ్మతో మాట్లాడండి."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక చొక్కా కాలరు సర్దుకున్నాడు. తర్వాత అడిగాడు.

"మరి గెలవకపోతే?"

"అప్పుడూ మాట్లాడండి," అంది చిట్టి.