బల్ల మీది పదిహేనో తేదీ

మంగళవారం పొద్దున పదింటికి డిటెక్టివ్ దగ్గరికి వచ్చిన ఆవిడ కుర్చీ అంచునే కూర్చుంది. ఉద్యోగాలకు మనుషుల్ని వెతికిపెట్టే ఆఫీసు ఆవిడది.

"ఏ ఖాళీ అయినా పదకొండు రోజుల్లో నింపేదాన్ని సార్. ఈ ఏడాది నలభై దాటుతోంది. సంతకం పెట్టే రోజున మనిషి రానంటున్నాడు. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా ఆపరేషన్ థియేటర్ నర్సు సంతకం పెట్టకపోతే ఆసుపత్రివాళ్ళు ఒప్పందం తెంచుకుంటారు. ఇక ఆఫీసుకు తాళమే."

"అందరూ రానంటున్నారా?" అన్నాడు డిటెక్టివ్.

"లేదు. పనిలేనివాళ్ళు చెప్పిన రోజుకే చేరుతున్నారు. ఉన్న పని మానుకుని రావలసినవాళ్ళే వెనక్కి తగ్గుతున్నారు. అక్కడే జీతం పెంచారంటారు."

"అయితే వాళ్ళ యజమానులకు ఎవరో ముందే చేరవేస్తున్నారు."

ఆయన సహాయకురాలు కళ్ళు పెద్దవి చేసి రాసుకుంది. ఇరవై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన ఆ మనిషికి, ఆయన ఏం చెప్పినా అబ్బురమే.

మధ్యాహ్నం ఇద్దరూ వెళ్ళి చూశారు. ఆవిడ ఆఫీసంటే రెండు గదులు. ముందుగదిలో ఫోన్లు చేసే అమ్మాయి, టైపిస్టు. లోపలిగదిలో ఖాళీలన్నీ సుద్దతో రాసిన నల్లబల్ల. దాని కింద పడక్కుర్చీలో ఆవిడ అన్నయ్య.

"నర్సు ఎప్పుడు చేరతానంది?"

"పదో తేదీ సార్. నాతోనే అంది," అంది ఫోన్ల అమ్మాయి.

"ఫారంలోనూ పదే కొట్టాను. చూసుకోండి," అన్నాడు టైపిస్టు, తననే పట్టుకుంటారేమోనన్నట్టు.

నల్లబల్ల మీద ఆవిడ చేతిరాతతో పదిహేను అని ఉంది. డిటెక్టివ్ ఆ అంకె చూశాడు.

"మీరేం చేస్తుంటారు?" అని అన్నయ్యను అడిగాడు.

"ఆఫీసు పెట్టింది నేనే బాబూ. పని నేర్పిందీ నేనే. ఇప్పుడు చెల్లెలికి కాపలా," అని నవ్వాడాయన.

సాయంత్రం నర్సును కలిశారు. "మా పెద్ద డాక్టరు నిన్న పిలిచారు. పదిహేనున వెళ్ళిపోతున్నావటగా, జీతం పెంచుతాను ఉండు అన్నారు. నేనింట్లో కూడా చెప్పలేదండీ! జీతం కోసం ఆగను గానీ, ఎవరు చెప్పారో తేలందే సంతకం పెట్టను."

శుక్రవారం నాలుగింటికి అందరూ నల్లబల్ల ముందు చేరారు. నర్సు కూడా వచ్చింది.

"అమ్మా, పదిని పదిహేనని ఎందుకు రాశారు?"

"ఆఫీసు నా చేతికొచ్చినప్పటి నుంచీ అంతే సార్. మనిషి నాలుగు రోజులు ఆలస్యమైనా మాట పోకూడదని, కంపెనీకి అయిదు రోజులు కలిపి చెబుతాను. బల్ల మీదా అదే రాస్తాను."

"ఆ సంగతి ఫోన్లమ్మాయికి తెలుసు. టైపిస్టుకు తెలుసు. వాళ్ళలో ఎవరు చెప్పినా పది అనే చెబుతారు. పెద్ద డాక్టరుకు పదిహేనని చెప్పినవాడికి బల్ల తప్ప ఆధారం లేదు. మీ పద్ధతి వాడికి తెలియదు. ఎందుకంటే వాడి రోజుల్లో ఆ పద్ధతి లేదు."

అందరూ పడక్కుర్చీ వైపు తిరిగారు.

"అన్నయ్యా?"

ఆయన పడక్కుర్చీలో ముందుకు వంగాడు. "నేను నలభై రోజులు తీసుకునేవాణ్ణి. నువ్వు పదకొండు. కంపెనీల వాళ్ళు నా ఎదుటే నవ్వేవారు, ఇన్నాళ్ళూ ఈయన నిద్రపోయాడా అని. నీకూ నలభై పడితే చాలనుకున్నాను చిట్టీ. ఆఫీసు మూతపడాలని కాదు."

"నా తిండి తింటూ నా గదిలో కూర్చునే ఫోన్ చేశావు," అంది ఆవిడ. గొంతు పెంచలేదు.

నర్సు కాగితం ముందుకు లాక్కుంది, కలం పట్టుకోలేదు. "ఈయన ఇక్కడుంటే నేను సంతకం పెట్టను. రేపు ఇంకెవరి సంగతి ఎక్కడ ఊదుతాడో!"

గడియారం అయిదుకు పది నిమిషాలు తక్కువ చూపుతోంది. అన్నయ్య చెల్లెలి మొహంలోకి చూశాడు. ఆవిడ లేచి, సుద్దముక్క తీసి, నల్లబల్ల మీద చివరి వరుసలో రాసింది: అన్నయ్య కుర్చీ, ఖాళీ.

నర్సు సంతకం పెట్టింది.

ఆయన తలుపు దాటాక, అలవాటు కొద్దీ ఫోన్ల అమ్మాయి అడిగింది. "నింపే తేదీ ఏం వెయ్యమంటారు మేడం?"

"వద్దు," అంది ఆవిడ. "ఇది నింపను."